బుల్లోడికి చల్లిన పొడి

మా పై వాటాలో ఉండే అమ్మాయి మొన్న తన కుక్కపిల్లని పశువుల డాక్టరుకి చూపించుకుని వస్తూ, మెట్ల దగ్గర నా కుర్చీ పక్కన కాసేపు ఆగి ఆ డాక్టరు మీద విసుక్కుంది. కుక్కకి గోమార్లు పట్టాయని తీసుకువెళితే మందు చేతిలో పెట్టి పంపించక, ఈ వారంలో స్నానం చేయించారా, ఇంతకుముందు ఏమైనా చల్లారా, ఒంటికి నూనె గాని పసుపు గాని రాశారా, ఇంట్లో చంటిపిల్లలున్నారా అని పావుగంట సేపు ప్రశ్నలు వేశాడట. ఆమె చేతిలో చిటికెన వేలంత గొట్టం ఉంది. అందులో మందు మెడ వెనక నాలుగు చుక్కలు వేస్తే నెల దాకా ఒక్క పురుగు కనపడదట. ఇంత చిన్నదానికి అన్ని ప్రశ్నలేంటి తాతగారూ, అంది. నేను లోపలికి వచ్చి, బీరువా కింది అరలోంచి అరవైల చివరినాటి డైరీ ఒకటి వెతికి తీశాను. వెతికి అనడం సరికాదు. అది ఎక్కడుందో నాకు ఎప్పుడూ తెలుసు.

గోమార్లని కొందరు పశువుల ఒంటికి అంటిపెట్టుకుని ఉండే పిడుదుల్ని కూడా అంటారు. నేను చెప్పేవి అవి కావు. ఆవగింజలో సగం ఉండి, వేలు పెట్టేలోపల చిటుక్కున ఎగిరిపోయే నల్లటి పురుగులు. మన ఈడు వాళ్ళలో వీటి చేత కుట్టించుకోని వారు ఉండరనుకుంటాను. మోకాళ్ళ కింద వరసగా మూడు నాలుగు ఎర్రటి దద్దుర్లు లేచేవి, గోకిన కొద్దీ మంట పుట్టేది. ఆ రోజుల్లో వీటికి మందులంటూ లేవు. వేపాకు పొగ వేసేవారు, మంచాల కింద కానుగాకు పరిచేవారు, పక్కబట్టలు ఎర్రటి ఎండలో ఇసుక మీద ఆరవేసేవారు. మా మేనత్త ఇవన్నీ చేసేది. నేను వీటిని అప్పట్లో మొరటు పనులనుకునేవాణ్ణి.

మేనత్తది రేపల్లె. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ పోతే, అప్పటికే భర్త పోయి పిల్లలు లేక ఒంటరిగా ఉన్న ఆవిడ నన్ను తీసుకుపోయి పెంచింది. బడిలో వేసింది, ఎస్సెల్సీ దాకా చదివించింది, రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు జరిగింది నాలుగు ముక్కలు రాసుకోరా అని పద్దుల పుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు కుట్టి ఇచ్చింది. నా డైరీ అలవాటు ఆవిడ పెట్టిందే. తనకి మాత్రం చదవడం రాదు. బాపట్లలో ఎరువులూ పురుగుమందులూ నిలవ చేసే ఒక గిడ్డంగిలో నాకు గుమాస్తా ఉద్యోగం దొరికినప్పుడు, వండిపెట్టడానికి ఆవిడే వచ్చింది. వస్తూ వస్తూ బుల్లోడిని కూడా తెచ్చింది. బుల్లోడంటే ఆవిడ పెంచుకున్న ఎర్రమచ్చల కుక్క, పిల్లికంటే కాస్త పెద్దది. రేపల్లె బండిలో తెనాలి దాకా, అక్కడ బండి మారి బాపట్ల దాకా, దాన్ని వెదురుబుట్టలో పడుకోబెట్టి పైన పాత చీర కప్పి, టిక్కెట్ల మనిషి వచ్చినప్పుడల్లా ఆ బుట్టమీద చెయ్యి వేసుకుని నిద్ర నటించిందట. దారి పొడుగునా అది కిక్కురుమనలేదని జీవితాంతం మురిసిపోయింది.

రెండేళ్ళు ముగ్గురమూ హాయిగా ఉన్నాం. బుల్లోడు వాకిట్లో ఇసకలో పడుకునేవాడు, గేటు దాటి వీధిలోకి పోయేవాడు కాదు. వారానికోసారి అత్త దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పేలు దువ్వుకునే పాత ఈరుబానతో వెంట్రుకలు దువ్వి, దొరికిన పురుగుల్ని ఉప్పునీళ్ళ గిన్నెలో వేసేది. ఎన్ని దొరికాయో నాకు చెప్పేది. రెండో, మూడో అనేది. కొన్ని వారాలు ఒక్కటీ లేదనేది.

తరవాత నాకు తెనాలి సంబంధం కుదిరి వైశాఖంలో పెళ్ళయింది. ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళిన మా ఆవిడ శ్రావణంలో తిరిగి వస్తుందనగా, ఆ అద్దె ఇంటి వసారా వీధికి బట్టబయలుగా ఉండడం నాకు నామోషీ అనిపించింది. గిడ్డంగిలో ఖాళీ గోనెసంచులు మూలన గుట్టగా పడి ఉండేవి. పై అధికారిని అడిగి ఎనిమిది సంచులు తెచ్చి, విప్పి, దబ్బనంతో కలిపి కుట్టి వసారాకి అడ్డంగా కట్టాను. ఆ గుట్టలో పందికొక్కులు కాపురం ఉండేవని గిడ్డంగిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. సంచుల్ని దులిపానే గాని ఎండలో వేయలేదు. అత్త వేయమంది. వానపట్టు రోజులు, ఎండ ఎక్కడుందని నేనే అన్నాను. డైరీలో ఇలా ఉంది: ఈరోజు వసారాకు గోనె పరదా కట్టడమైనది. చాటుగా, చల్లగా ఉన్నది.

అదే పేజీ కింద, రోజుకో చిన్న ముక్క దాటాక, తొమ్మిది రోజుల తరవాతి తేదీతో ఇంకో వాక్యం ఉంది. ఇంటిదానికి కాళ్ళ మీద దద్దుర్లు. కుక్క గోమార్లు కావచ్చును.

అప్పటినుంచి రోజూ ఉదయం మా ఆవిడ కాళ్ళ మీదా నా కాళ్ళ మీదా కాట్లు లెక్కపెట్టి రాశాను. ఆ లెక్కలు ఇప్పటికీ నీటుగా, గీతలు గీసిన గళ్ళలో ఉన్నాయి. ఆ వరస చూసుకుని మురిసిపోయాను గాని పై వాక్యాన్నీ కింది వాక్యాన్నీ కలిపి ఒక్కసారి చదవలేదు. నేను డైరీలు రాసే మనిషినే తప్ప చదివే మనిషిని కాను. అత్త మాత్రం రోజూ ఈరుబాన పట్టుకుని బుల్లోడిని దువ్వి, దీనిమీద పెద్దగా లేవురా అంటూనే ఉంది.

వినాయకచవితి అయిన నాలుగు రోజులకి మామగారు కూతుర్ని చూసిపోదామని వచ్చారు. తెనాలిలో ఆయన చమత్కారాలకి నలుగురూ నవ్వేవారు, ఆయనకా సంగతి తెలుసు. కాఫీ తాగుతూ కూతురి కాళ్ళు చూశారు. చూసి, నవ్వుతూనే నాతో అన్నారు.

“ఏంటండి అల్లుడుగారూ, మా అమ్మాయిని కాపురానికి పంపామా, గొడ్లపాకకి పంపామా?”

తరవాత అత్త వైపు తిరిగి, కుక్కగారికి పట్టెమంచం వేయలేదేం అక్కయ్యగారూ అని కూడా అన్నారు. మా ఆవిడ, దాన్నేమీ అనకండి నాన్నా అని లోపలికి వెళ్ళిపోయింది. అత్త బుల్లోడిని పిలుచుకుని పెరట్లోకి పోయింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ క్షణంలో నాకు మామగారి మీద రావలసిన కోపం అత్త మీద వచ్చింది. ఆయన బండి ఎక్కిన సాయంత్రమే, ఆ కుక్కని ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పాను. అత్త జవాబు చెప్పింది.

“దాని ఒంటిమీదవి కావురా అబ్బాయ్ ఇవి. ఇంట్లోకి ఇంకెక్కడినుంచో వస్తున్నాయి. కాస్త చూసుకో.”

చదువుకున్నవాడినని, పురుగుమందుల మధ్య పనిచేసేవాడినని నాకు గర్వం. మర్నాడు గిడ్డంగినుంచి వరిపైరు మీద చల్లే తెల్లపొడి ఒక పొట్లం తెచ్చాను. చేలల్లో రైతులు ఆ పొడిని పలచటి గుడ్డలో మూటకట్టి, కర్రకి వేలాడదీసి, పైరు మీద తడుతూ పోయేవారు. ఆ మూట పద్ధతే నాకూ వచ్చు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, పెరట్లో బుల్లోడిని జామచెట్టుకి కట్టి, మెడ దగ్గరనుంచి తోక దాకా రెండు వరసలు తట్టాను. పొడి రాలిపోకుండా ఒంటికి బాగా పట్టింది. ఇంత చక్కగా నిలిచిందేమిటా అని ఆశ్చర్యపోయి, సంతోషించి, వేళ్ళతో ఇంకాస్త లోపలికి రుద్దాను కూడా. వేళ్ళకి తగిలిన జిడ్డు కుక్క ఒంటిదే అనుకున్నాను, పొడి ఘాటులో ఇంకే వాసనా తెలియలేదు. కుక్క కదలకుండా నిలబడి చేతులు నాకబోయింది. కాళ్ళూ చేతులూ సబ్బుతో కడుక్కుని, అన్నం తిని గిడ్డంగికి వెళ్ళిపోయాను.

అది ఎందుకు నిలిచిందో సాయంత్రం తెలిసింది. ఆ పొద్దున అత్త, నేను కుక్కని పంపించెయ్యమన్నానన్న బెంగతో, వేపనూనెలో పసుపు కలిపి బుల్లోడి ఒళ్ళంతా పట్టించింది. ఒక్క పురుగు కూడా లేకుండా చేసి నాకు చూపించాలని. ఆ నూనె పొడిని పట్టుకుంది, పట్టుకుని చర్మంలోకి దింపింది. నేను వచ్చేసరికి కుక్క నోటివెంట నురగ, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. అత్త దాని తల ఒళ్ళో పెట్టుకుని చింతపండు రసం పోస్తోంది. మా ఆవిడ బిందెడు నీళ్ళతో కడుగుతోంది. దీపాలు పెట్టే వేళకి బుల్లోడి ప్రాణం పోయింది.

నేను తట్టడం అత్త చూడలేదు. ఒంటిమీద తెల్లటి పొడి కడిగేటప్పుడు చూసే ఉంటుంది. అయినా ఏమైందిరా అని నన్నే అడిగింది. అప్పుడు నా నోటివెంట వచ్చిన మాట, వీధిలో ఎవరో కుక్కలకి మందు పెట్టి ఉంటారత్తా అని. అత్త నా ముఖంలోకి చూడలేదు. కుక్క చెవి నిమురుతూ అంది.

“అది గేటు దాటి ఎప్పుడు పోయిందిరా అబ్బాయ్?”

ఆవిడ మళ్ళీ అడగలేదు. జామచెట్టు పక్కన ఇసకలో గొయ్యి తీసి పూడ్చాను. ఆ రోజు డైరీలో, కుక్క మరణించినది, కారణము తెలియదు, అని రాశాను. యాభై ఏళ్ళకి పైగా రాసిన డైరీల్లో తెలిసి రాసిన అబద్ధం నాకు గుర్తున్నంతవరకు ఇదొక్కటే.

వారం తిరక్కుండా అత్త రేపల్లె వెళతానంది. కొత్త కాపురంలో ముసలిదాన్ని ఎందుకురా, కోడలికి వంట వచ్చుగా అంది. నేను ఉండమన్నాను. ఎవరైనా అనే మాటలాగా అన్నాను. మా ఆవిడ ఏడ్చింది. స్టేషనులో బండి ఎక్కించినప్పుడు చూశాను, అత్త బట్టలు సర్దుకున్నది ఆ వెదురుబుట్టలోనే. పైన అదే పాత చీర కప్పి ఉంది.

కుక్క పోయింది, గోమార్లు పోలేదు. పోకపోగా పెరిగాయి. ఇంతకుముందు రోజుకి నాలుగైదు ఉండే కాట్లు ఆ నెలలో పదిహేను, ఇరవై అయ్యాయి. అన్నీ గళ్ళలో రాశాను. కార్తీకమాసంలో పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఒకాయన ఏదో పనిమీద గిడ్డంగికి వస్తే, మాటల్లో ఈ వింత చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

“ఉన్న ఒక్క కుక్కా లేకపోయాక అవి మీ మీదికి రాక ఎక్కడికి పోతాయండి? ఇన్నాళ్ళూ కొన్నయినా అది మోసింది. ఇంతకీ ఇంట్లో గోనెలు గట్రా ఏమైనా ఉన్నాయా, ఎలకలు తిరిగిన చోటునుంచి తెచ్చినవి?”

ఇంటికి వచ్చి, తెల్ల పంచె కట్టుకుని, ఆ పరదా పక్కన నిలబడి దాన్ని రెండుసార్లు ఊపాను. పంచె మీద ఆవాలు చల్లినట్టయింది. పరదా విప్పి పెరట్లో తగలబెట్టాను, వసారా మట్టి గీకించి బయట పోయించాను, కుట్లలో మట్టి నిండిన నవారు మంచం ఉడుకునీళ్ళతో కడిగించాను. పదిహేను రోజుల్లో కాళ్ళు నున్నబడ్డాయి. ఆ ఆదివారమే డైరీ మొదటిసారి వెనక్కి తిప్పి చదివాను. పై వాక్యం, కింది వాక్యం. మధ్యలో నాలుగు వేళ్ళ జాగా కూడా లేదు.

అత్తని తీసుకువద్దామని రేపల్లె వెళ్ళాను. దారంతా చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను. ఆవిడ పీట వేసి, నాకిష్టమని గోంగూర పప్పు చేసి వడ్డించింది. గోమార్లు పోయాయత్తా, గోనె పరదాలోనివట అన్నాను. పోయాయా, మంచిదేరా, కోడలు కుదురుగా ఉందా అంది. ఆ పైమాట నా నోటికి రాలేదు. ఇప్పుడు కాదు, మళ్ళీ వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. అలా మళ్ళీ వచ్చినప్పుడు, మళ్ళీ వచ్చినప్పుడు అని నాలుగేళ్ళు గడిచాయి. ఆవిడ రాలేదు, మళ్ళీ కుక్కనీ పెంచలేదు. డెబ్భైల మొదట్లో కబురు అందుకుని నేను బాపట్లనుంచి వెళ్ళేసరికి చాప మీద పడుకోబెట్టి ఉంది. అటక మీద ఆ బుట్ట ఉంది. ఈరుబాన అందులోనే ఉంది. అది నేను తెచ్చుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ తెల్లపొడి ఇప్పుడు ఎక్కడా అమ్మరు, నిషేధించారట. గోనె పరదాలు పోయాయి, ఇసక వాకిళ్ళు పోయాయి. గొట్టం మీద అర అంగుళం కాగితంలో ఎవరికి వేయకూడదో, ఎప్పుడు వేయకూడదో చీమతలకాయ అక్షరాల్లో అచ్చువేసి ఇస్తున్నారు. ప్రాణం పోసే చదువు చదివినవాడు కూడా నాలుగు చుక్కలు వేసేముందు ఒంటికి ఏమైనా రాశారా అని అడుగుతున్నాడు. పై వాటా అమ్మాయికి అది విసుగనిపించింది, నాకు అసూయ కలిగింది. ఆ మధ్యాహ్నం పొడిమూట చేత్తో పట్టుకుని పెరట్లోకి పోతూ నేను అడగవలసింది ఆ ఒక్క మాటే. అడగవలసిన మనిషి అక్కడే, పదడుగుల దూరంలో, వంటింటి గడపలో పెరటికి వీపు తిప్పి కూర్చుని, రాత్రికి నా కోసం బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.