శాతాలరావు శనివారాలు

శాతం చెప్పకుండా శాతాలరావు నోరు తెరవడు. అది వీధివాళ్లు పెట్టిన పేరు. అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు.

పెళ్లయిన మొదటి వారంలోనే భార్యతో, “మనం సుఖంగా ఉండే అవకాశం డెబ్భై రెండు శాతం” అన్నాడు. ఆమె బడిలో లెక్కల టీచరు. ఒళ్లు మండింది.

“మిగతా ఇరవై ఎనిమిదీ ఏమైనట్టండీ?”

“ఇంకా సమాచారం రావాలి” అన్నాడు నింపాదిగా. ఇరవై ఏళ్లుగా ఏటా ఒక్కో శాతం పెంచుతున్నాడు.

ఆయన ఉద్యోగమూ అదే. షేర్ మార్కెట్‌లో ఉన్న ఏ కంపెనీ దివాలా తీస్తుందో ముందే లెక్కగట్టడం. గతంలో మునిగిన కంపెనీల లెక్కలూ, నిలబడ్డ వాటి లెక్కలూ పక్కపక్కన పెట్టి, కొత్తది ఏ గుంపుకి దగ్గరగా ఉందో చూస్తాడు. ఆయన అంకె తప్పడం అరుదు.

ఒకసారి చొక్కాలు కుట్టే ఓ పెద్ద కంపెనీకి, ఏడాదిలో మునిగే అవకాశం ఎనభై ఒక్క శాతమని తేల్చాడు. దాని డైరెక్టరు ఇంటికే ఫోన్ చేశాడు.

“ఓ పది తగ్గించకూడదూ?”

“వంకాయలు బేరమాడుతున్నారా?” అని ఠక్కున పెట్టేశాడు. నివేదిక ఉన్నదున్నట్టే అచ్చయింది.

ఆ వారం నుంచి ప్రతి శనివారం సంచీ తగిలించుకుని మాయమవడం మొదలుపెట్టాడు.

“ఎక్కడికండీ?”

“పనుంది. ఆరింటికల్లా వచ్చే అవకాశం ఎనభై ఐదు శాతం.”

ఆ మిగిలిన పదిహేను టీచరమ్మని కుదురుగా ఉండనివ్వలేదు. మూడో శనివారం అదే బస్సు వెనకవైపు ఎక్కి, కనబడకుండా వెంటపడింది.

చొక్కాల ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ కొట్టు. బల్ల మీద శాతాలరావు, చుట్టూ కార్మికులు. సంచీ నిండా పేపర్లలోంచి కత్తిరించిన ఉద్యోగ ప్రకటనలు. ఒక్కొక్కరికీ దరఖాస్తు రాసిపెడుతున్నాడు. టీచరమ్మ స్తంభం చాటున నిలబడిపోయింది.

తల నెరిసిన ఒకావిడ ముందుకొచ్చింది. “ఇన్నేళ్లూ కాలర్లు తప్ప ఏం కుట్టలేదు సార్. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు? మీరు లెక్కల మనిషి, నిజం చెప్పండి. వస్తుందా?”

శాతాలరావు ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. “తొంభై ఆరు శాతం.”

ఆవిడ వెన్ను నిటారైంది. గబగబా సంతకం పెట్టేసింది.

తిరుగు బస్సులో టీచరమ్మ ఆయన పక్కన వచ్చి కూర్చుంది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

“తొంభై ఆరు ఎలా వచ్చిందండీ?”

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

“అడుగుతుంటే మిమ్మల్నే! లెక్కేది?”

“వెయ్యలేదే” అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు. “నలభై అంటే కాగితం అక్కడే చింపేసేది. దరఖాస్తే పెట్టకపోతే సున్నా కదా!”

పై శనివారం టీచరమ్మ ఆయనకన్నా ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. “పదండి. ఆ కోడిగీతలు చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. నేను రాస్తా, మీరు చెప్పండి.”

ఎనిమిదో నెలలో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికి చాలామంది వేరేచోట కుదురుకున్నారు. కాలర్లావిడ స్కూల్ యూనిఫారాలు కుట్టేచోట చేరి, మరో ఆరుగురికి పని నేర్పుతోంది.

“చూశావా, నా తొంభై ఆరూ నిజమైంది!” అన్నాడు శాతాలరావు ఛాతీ విరుచుకుని.

“మూడో దరఖాస్తుకి కదండీ వచ్చింది? మూడింట ఒకటి. ముప్పై మూడు శాతమే” అంది టీచరమ్మ.