ఊడ్పులమ్మ వంటింటి పొగ

అందరూ ఆమెను ఊడ్పులమ్మ అనేవారు. నగలు చేసే దుకాణంలో నేల ఊడ్చడం ఆమె పని. ఆకురాయికి రాలిన బంగారం రజను ఆ దుమ్ములోనే ఉంటుంది. దుమ్ము ఇంటికి తెచ్చి, బంగారం వేరుచేసి యజమానికి అప్పజెపితే కూలి ఇచ్చేవాడు.

ఆ వేరుచేయడం ఇలా ఉండేది. కడిగిన దుమ్ములో పాదరసం పోసి పిసికితే, అది బంగారాన్ని పట్టుకుని ముద్దవుతుంది. ఆ ముద్దను గరిటెలో పెట్టి వంటపొయ్యి మీద కాల్చేది. పాదరసం పొగై పోయి బంగారు పూస మిగిలేది. ఆ గరిటెనే తోమి మళ్లీ కూర కలిపేది. గాలికి రజను ఎగిరిపోతుందని ముందే కిటికీ, తలుపు బిగించేసేది. ఇరవై మూడేళ్లలో ఒక్క రవ్వ పోనివ్వలేదని ఒకటే గొప్పలు.

కూతురు పనికి పోతే, ఏడేళ్ల మనవరాలు ఆ పొయ్యి పక్కనే కూర్చుని రాసుకునేది. ఆ ఏడాది పిల్ల అక్షరాలు వంకర్లు పోయాయి.

"ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయవే" అని ఊడ్పులమ్మ వీపు మీద రెండు అంటించింది. వారం తిరక్కుండానే పిల్ల చేతిలో గ్లాసు నిలవలేదు. చిగుళ్ల నుంచి రక్తం కారింది.

డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది. "ఇంట్లో పాదరసం వాడతారా?"

"వాడతానండీ. కాలిస్తే పొగై పోతుంది కదా."

"అన్నీ మూసేసుకుంటే ఎక్కడికి పోతుందమ్మా? పిల్ల ఊపిరిలోకే. ముందు ఆ ఇంట్లోంచి పిల్లను తీసుకెళ్లండి. చెయ్యి పూర్తిగా కుదురుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను."

కొట్టిన చేతిని చూసుకుంటే ఊడ్పులమ్మకు తన మీద తనకే రోత పుట్టింది. కూతురు పిల్లను తీసుకుని వేరే ఇంటికి మారిపోయింది.

మర్నాడు దుకాణం ఊడ్చాక ఆమె యజమానిని అడిగింది. "అయ్యా, ఇకమీదట ఇక్కడే, వెనక గదిలో కాల్చుకుంటాను."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "వద్దు పిన్నీ. ఆ పొగ తగిలితే నగలు తెల్లబడి పాడైపోతాయి. అందుకేగా మొదట్నుంచీ ఇంటికి పట్టుకెళ్లమన్నాను."

"అయితే అది పాడుచేస్తుందని మీకు తెలుసు."

"నగల సంగతి తెలుసు. మనుషుల సంగతి నన్నెవరూ అడగలేదుగా."

అద్దాల వెనక నగలు మచ్చ లేకుండా మెరుస్తున్నాయి. ఊడ్పులమ్మ వాటిని ఒకసారి చూసి, అప్పుడే ఊడ్చిన నేల మీద కాండ్రించి ఉమ్మి, బయటికి నడిచింది.