పన్నెండు ఔన్సుల సిలార్

ఎదుటివాళ్ల గుడ్డ రెండు వేళ్ల మధ్య నలిపి చూడనిదే టైలర్ సిలార్ మాట మొదలుపెట్టేవాడు కాదు. ప్రత్తిపాడులో పెళ్లికొడుకు ఉత్తరీయం నలిపాడు, ఓట్లడగడానికొచ్చిన నాయకుడి ఖద్దరూ నలిపాడు. పాస్టరుగారు వీధిలో ఎదురైతే అంగీ అంచు పట్టుకుని, "గజం నాలుగు ఔన్సులేనండీ, మోసపోయారు," అన్నాడు.

2001లో జయరావు ఆ ఊరొచ్చి కరాటే క్లాసు పెట్టాడు. నమూనాకని గుంటూరు నుంచి తెచ్చిన చవక డ్రెస్సు నలిపి సిలార్ మొహం చిట్లించాడు.

"ఇది దోమతెర మాస్టారూ. గజం పన్నెండు ఔన్సులు తూగాలి. నేత దగ్గరగా ఉండాలి."

"పట్టుకు లాగే జూడోకి కదయ్యా దిట్టం నేత, బియ్యపుగింజలు పేర్చినట్టు. కరాటేకి పల్చనే హాయి."

"గుద్దితే గుడ్డ చప్పుడు రావద్దూ? మగపిల్లలకి మీ ఇష్టం. ఆడపిల్లలకి మాత్రం పల్చంది కుట్టను. వాళ్ల గుద్దు మెత్తన, చప్పుడు చాలదు."

ఊరంతా నవ్వింది. ఆ డ్రెస్సులు ఉతికితే ఆరడానికి రెండు రోజులు, గంజి పెడితే వాటంతటవే నిలబడేవి. "మిర్చి గోతం కుట్టావేంది?" అని క్లాసులో చేరిన అఖిల తల్లి నిలదీసింది. సిలార్ మళ్లీ చప్పుడు సంగతే చెప్పాడు.

పదకొండు మంది ఆడపిల్లలు చేరారు, ఒక్కరూ మానలేదు. పక్క ఊళ్లలో నెల తిరక్కుండానే మానేసేవాళ్లు. అదంతా తన బోధన మహిమేనని జయరావు నమ్మాడు.

2006 వేసవిలో సిలార్ గుండె ఆగి పోయాడు. పదో రోజున పలకరించడానికి వెళ్లిన జయరావు, ఏదో ఒకటి మాట్లాడాలని, "ఆ చప్పుడు పిచ్చి ఎక్కడ పట్టిందమ్మా ఆయనకి?" అని అడిగాడు.

సిలార్ భార్య ఖుర్షిదా కొంగు సర్దుకుంది.

"చప్పుడు కాదు మాస్టారూ. మీరు రాకముందు మాకో కూతురుండేది, కరీమున్. బాగా పరిగెత్తేది. స్కూలు డ్రెస్సు చెమటకి తడిసి ఒంటికంటుకుంటే అబ్బాయిలు నవ్వారంట. మర్నాటి నుంచి బడికే పోలా. ఎందుకో చెప్పలా. మూడేళ్లకి జ్వరమొచ్చి, పోయేముందు చెప్పింది. ఆ పల్చటి డ్రెస్సు కుట్టింది ఈయనే."

పిల్లలు మానకపోయింది ఆ గుడ్డ వల్లేనన్న ఊహ అయిదేళ్లలో జయరావుకు ఒక్కసారైనా రాలేదు.

ఖుర్షిదా కళ్లు తుడుచుకుంది. "మీ డ్రెస్సులకి కొత్త గుడ్డ తెచ్చినప్పుడల్లా ముందు తనకే ఒకటి కుట్టుకునేవాడు. రెండు బిందెలు నెత్తిన కుమ్మరించుకుని, ఎండలో నిలబడి, 'లోపల ఏమన్నా కనబడుతుందా?' అనేవాడు. ఒకసారి 'పొట్ట కనబడుతుంది' అన్నా. మిగతా గుడ్డంతా భుజానేసుకుని గుంటూరెళ్లి తిరిగిచ్చేసొచ్చాడు."

"నిజంగా కనబడిందా అమ్మా?"

"లేదు మాస్టారూ. తమాషాకన్నా. చివరిదాకా ఆయనకి చెప్పలేదు."

ఆ ఇంట్లో పది రోజుల తర్వాత ఇద్దరు మనుషులు నవ్వారు.