అన్నయ్య ఖాతాలో నా ఫోను

నా గొంతు దగ్గర గడ్డ లేచిన సంగతి మా వాళ్లకి నేను చెప్పలేదు. మా అన్నయ్య వాళ్లింట్లో టీవీ చెప్పింది.

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వస్తుంటే అన్నయ్య కొత్త ఫోను కొనిచ్చాడు. కొనిచ్చి ఊరుకోలేదు, తన ఈమెయిల్ ఖాతాతోనే అంతా సిద్ధం చేసి చేతిలో పెట్టాడు. నాకూ అది ముద్దుగానే అనిపించి రెండేళ్లు అలాగే వాడాను. మొన్న గోరిమేడు ఆసుపత్రిలో గడ్డకి సూది గుచ్చి పరీక్షకు పంపారు. ఫలితం వారానికి వస్తుందన్నారు. చీటీ ఎక్కడ పారేసుకుంటానోనని ఫోటో తీసుకున్నాను. ఏ సంగతీ తేలేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాను.

మర్నాడు అన్నయ్య టీవీలో ఫోటోలు వాటంతటవే తిరుగుతుంటే, పెళ్లి ఫోటోల మధ్య నా చీటీ ప్రత్యక్షమైంది. భోజనానికొచ్చిన చుట్టాలంతా చూశారు. సాయంత్రానికి తొమ్మిది ఫోన్లు. ఒకావిడ కాకరకాయ రసం తాగమంది, ఇంకొకావిడ ఏకంగా ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా ఒంట్లో ఏముందో నాకే తెలీదు, వీళ్లప్పుడే ఓదార్పులు మొదలెట్టారు.

నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరావిడకి కింద స్టీలు సామాన్ల కొట్టు ఉంది. తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. నా మొహం చూసి సంగతి అడిగింది.

"అన్న పెట్టిచ్చిన ఫోను గదా, లోపల అన్న అకౌంటే ఉంటాది. నాదీ మా తమ్ముడు ఇట్లనే చేసినాడు, నేనే తీసేస్తి. కూర్చో పాపా."

చిక్కల్లా ఒకటే. ఆవిడకి తెలుగు చదవడం రాదు, తన ఫోను తమిళంలో ఉంటుంది, నాది తెలుగులో. నాకు తమిళం అక్షరం ముక్క రాదు. గల్లాపెట్టె మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకున్నాం. తన దాంట్లో ఒక్కో వరస చదివి ఆవిడ తెలుగులో చెబుతుంది, నా దాంట్లో ఆ వరస నేను వెతుకుతాను. మధ్యలో గిన్నెల బేరం వస్తే లేచి వెళ్లొచ్చేది. ఫోటోలు అటు వెళ్లడం ఆపాం. నేనెక్కడ తిరుగుతున్నానో అన్నయ్యకి చూపించేదీ ఆపాం. చివరికి ఖాతా తీసేద్దామంటే, నంబర్లు కూడా పోతాయని ఫోను హెచ్చరించింది. నా వేలు ఆగింది.

"కావాల్సినోళ్లవి రాసుకో. వాళ్లు యాడికి పోతారు?"

పాత బిల్లు వెనక ముప్పై నంబర్లు రాసుకుని నొక్కేశాను. కొత్త ఖాతాకి పాస్‌వర్డు పెడుతుంటే ఆవిడ తనంతట తానే వీధివైపు తిరిగి కూర్చుంది.

ఆ వెంటనే అన్నయ్యకి ఫోన్ చేసి, తన దాంట్లో ఉన్న నా ఫోటోలు తీసెయ్యమన్నాను.

"నేనేమన్నా పరాయోడినా? అంత దూరాన ఒక్కదానివే ఉన్నావని పెట్టేను."

"పరాయోడివి కాదు. అందుకే నన్నడుగు. నేను చెబుతాను."

గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. రాత్రికి అన్నయ్య "తీసేశాను" అని ఒక్క ముక్క పంపాడు.

ఫలితం చేతికొచ్చిన రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి రెండుసార్లు చదివాను. తర్వాత అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఏమన్నారే?" అన్నాడు. ఈసారి అతనికి నిజంగానే తెలీదు.

"గడ్డ మంచిది కాదంట, ఆపరేషన్ చెయ్యాలంట. నాకు భయంగా ఉందన్నయ్యా. రా."