మండీకీ బస్సుకీ ఒకే ఫ్యాక్టరీ

ఫ్లాపీల కాలం అది. కుప్పంలో ఎంసీఏ చివరి ఏడాది ప్రాజెక్టు మేమిద్దరం కలిసి చేశాం. నాది మదనపల్లె, నా స్నేహితురాలిది పుంగనూరు.

మేం ప్రోగ్రాము రాసింది జావా భాషలో. http తో మొదలయ్యే అడ్రసు ఇస్తే జావా వెళ్లి ఆ పేజీ తెస్తుంది. http బదులు మనమే ఒక కొత్త పేరు కల్పించి ఇస్తే, అదేమిటో తెలీదని ఆగిపోతుంది. అలాంటి పేర్లను దానికి నేర్పడమే మా పని. మా ఊరి మండీకి, అంటే టోకు మార్కెట్టుకి, వచ్చే టమోటా లారీల చప్పుడుకు నిద్రలేచేదాన్ని కాబట్టి నేను ‘మండీ’ అని పెట్టుకున్నాను. దాని పక్కన ఊరి పేరు కొడితే అక్కడి టమోటా ధరలు రావాలి. ఆమె ‘బస్సు’ అని పెట్టుకుంది. ఊరి పేరు కొడితే బస్సుల వేళలు రావాలి.

సెలవుల్లో ఎవరి ఊళ్లో వాళ్లం ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని రాసుకున్నాం. ఫ్లాపీని కవరులో పెట్టి పుంగనూరు బస్సు కండక్టరుకిస్తే ఆమె బస్టాండులో తీసుకునేది.

“ఇంత తేలిగ్గా ఉండాదే, లోపల ఏముండాది పాపా?” అని కండక్టరు అడిగితే నవ్వి తల వంచుకునేదాన్ని. చెప్పాలనుకున్న జవాబు ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని.

ఆమెది నేను, నాది ఆమె నడిపి చూసేవాళ్లం. రెండూ బాగానే నడిచాయి. రెండూ కలిపి నడపాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

పరీక్ష రోజు పొద్దున ల్యాబులో కలిపాం. మండీ నడిచింది. బస్సు మొదలవగానే ప్రోగ్రాము ఆగిపోయింది. ఏ పేరుకు ఏ కోడు పిలవాలో చెప్పే భాగాన్ని ఫ్యాక్టరీ అంటారు. ప్రోగ్రాము నడిచినంతసేపు దాన్ని ఒక్కసారే పెట్టనిస్తుంది జావా. మేం చెరొకటి పెట్టుకున్నాం.

ఎవరి భాగానికి వాళ్లకే మార్కులు. బస్సు నడవకపోతే ఆమె తప్పినట్టే.

“నాది తీసేయ్ మే,” అంది. “నువ్వన్నా పాసవ్. నేను సప్లిమెంటరీలో రాస్తాలే.” నవ్వబోయింది కానీ ముఖం సహకరించలేదు.

రెండు పేర్లూ తెలిసిన ఒకే ఫ్యాక్టరీ రాస్తే చాలునని నాకు తెలుసు. కానీ భోజనానికని ల్యాబు సారు అప్పటికే తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. హాజరు పలకడం తప్ప ఆయనతో నేనెప్పుడూ మాట్లాడింది లేదు.

“తాళం వెయ్యొద్దండి సార్.”

ఆయన వెనక్కి తిరిగాడు. “ఎవరూ, నువ్వేనామ్మా? నీకూ గొంతుండాదా!”

“రెండూ కలిస్తే నడవడం లేదు సార్. సరిచేస్తాం.”

“మరి నేను అన్నం తినొద్దా తల్లీ?”

“మీరు తినేసి రాండి సార్. మేం ఈడే ఉంటాం.”

ఆయన తాళంచెవి జేబులో వేసుకుని తలుపు తెరిచే వదిలి వెళ్లాడు.

ఆమె తన కోడు చదువుతుంటే నేను కొట్టాను. మా రెండు ఫ్యాక్టరీలు తీసేసి, వచ్చిన పేరు చూసి మండీనో బస్సునో పిలిచే ఒక్కటి పెట్టాం.

మధ్యాహ్నం బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు కూర్చోగానే నేను ముందు బస్సు అడ్రసే కొట్టాను. పుంగనూరు బస్సుల వేళలు వరుసగా వచ్చాయి. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఫ్యాక్టరీ ఒక్కటే ఎందుకని ఆయన అడిగాడు. ఎప్పుడూ గలగలమనే ఆమె నా వైపు చూసింది. నేనే చెప్పాను. అంతా విని ఆయన ఆమె వైపు తిరిగాడు.

“నీ పుంగనూరు బస్సు దారిలో యాడ ఆగుతుందమ్మా?”

“పెద్దపంజాణిలో ఆగుతుంది సార్,” అంది ఆమె. ఆయన నవ్వి, మార్కులు వెయ్యడానికి పెన్ను మూత తీశాడు.