చేదు చూసిన కాయ

జగ్గమ్మ పెరట్లో కాసిన కాయ పెంటకుప్ప మొహం చూడదని ఆ వీధిలో అందరికీ తెలుసు. వంకాయ పుచ్చితే పుచ్చు మేరకు కోసి పారేసి మిగతాది వండుతుంది. ముదిరిన బెండకాయల్ని విత్తనానికి ఎండేస్తుంది. బీరకాయ తొక్కు పచ్చడవుతుంది, ఆనపకాయ తొక్కు వేపుడవుతుంది. అందుకూ పనికిరానివి గేదె కుడితిలో పడతాయి. గజపతినగరం సంత ఆటో ఎక్కితే అరగంట దూరం కూడా లేదు. అక్కడ సంచీ పట్టుకుని కూరలు బేరమాడడం మాత్రం ఆమెకి తలవంపులు.

"దొడ్లో పాదులెట్టుకున్న ఆడదాయి సంతకెల్లి వంకాయలు కొంటే నవ్వరేటి?" అంటుంది.

ఆమె కాపరానికి వచ్చినప్పుడు ఆ దొడ్డి పల్లేరుకాయల మడి. అత్తగారు అక్కడ పిడకలు చేసుకునేది. మొగుడు నరసింగరావు రాళ్ళు ఏరి, గట్లు కట్టి, కంచె నాటి ఇచ్చాడు. ఆ తర్వాత అందులో మొలిచిందంతా జగ్గమ్మ చేతి చలవే. వేసవి వచ్చిందంటే పొద్దున్న కోసిన బీరకాయలు నువ్వుపొడిలో పడి పొయ్యి దిగేసరికి ఎండ వీధిలోకి వచ్చేది కాదు. లేత వంకాయలకి అల్లం పచ్చిమిర్చి నూరి పెడితే పక్కింటివాళ్ళు గోడ మీంచి గిన్నె చాపేవారు. చాపనివ్వడం ఆమెకి గొప్ప. ఏం, ఉండకూడదా? చదువూ ఉద్యోగమూ లేని మనిషికి చెప్పుకోడానికి ఇంకేముంటుంది?

నరసింగరావు ఆమెకి మేనత్త కొడుకు. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. పొలం, గేదె, చుట్ట, భోజనం, నిద్ర, అంతే. కూర ఎలా ఉన్నా 'బాగున్నాది' తప్ప ఇంకో మాట ఎరగడు. పెళ్ళయిన కొత్తలో పప్పులో ఉప్పు రెండుసార్లు పడిపోతే, దాన్నీ బాగుందనే తినేసి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత తాను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని జగ్గమ్మ లబలబలాడింది. అప్పట్నుంచి ఆయన మాటని పట్టించుకోవడం మానేసి, కంచంలో చెయ్యి ఎంత వేగంగా ఆడుతోందో చూసేది. గబగబా తింటే కూర కుదిరినట్టు లెక్క.

ఆయనకి షుగరు వచ్చాక జగ్గమ్మకి చేదు మీద భక్తి పుట్టుకొచ్చింది. పరగడుపున కాకరరసం, మధ్యలో మెంతులు, వేపచిగురు దొరికితే అదీ. మాత్రలు ఒక పక్క వేసుకుంటూనే, రోగాన్ని తగ్గించేది తన చేతి చేదేనని ఆమె నమ్మకం. నరసింగరావు వీటన్నిటినీ బాగున్నాయనే మింగేవాడు.

ఈ ఏడు ఎండలు దారుణం. బావిలో నీళ్ళు అడుగంటాయి. బెండ మాడిపోయింది, బీర పూత నిలబడలేదు, వంగమొక్కలు నిలువునా ఎండాయి. పశువులశాల కప్పు మీదకి పాకిన ఆనపపాదు ఒక్కటే బతికింది. అది ఆమె వేసిన విత్తు కూడా కాదు, పెంటలోంచి దానంతటదే లేచిన మొక్క. అయినా అంట్లు తోమిన నీళ్ళూ, బియ్యం కడిగిన నీళ్ళూ, మొగుడు స్నానం చేసిన నీళ్ళూ పట్టి ఉంచి, మోకాళ్ళ నొప్పులతో బకెట్లు మోసి పోసింది. నాలుగు కాయలు నిలబడ్డాయి. పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంది వాటిని.

ఆ రోజు పొద్దున ఒక కాయ కోసి కత్తిపీట ముందు కూర్చుంది. తొడిమ దగ్గర చిన్న ముక్క తీసి నాలికకి రాసుకుంది. ఆనపకి, దోసకి, బీరకి ఇలా చేదు చూడడం ఆమెకి చిన్నప్పుడు అమ్మ నేర్పిన పని. చేదు! మామూలు చేదు కాదు, కొండనాలుక దాకా పట్టుకుంది. ఉమ్మేసి, నోరు పుక్కిలించింది.

తెలియక చేసిందని జగ్గమ్మని వెనకేసుకు రావడానికి వీల్లేదు. చేదు కాయ పారెయ్యాలని ఆమెకి బాగా తెలుసు. ఎందుకు పారెయ్యాలో తెలీదు. కూర పాడవుతుందనుకుంది గాని, మనిషికి ముప్పని అనుకోలేదు. బకెట్లు మోసిన భుజాలు ఇంకా లాగుతున్నాయి. ఇంట్లో వేరే కూరా లేదు. కాకరకాయ చేదు కాదా, తినడం లేదా? షుగరు మనిషికి మంచిదే కదా? అలా సర్దిచెప్పుకుని ముక్కలు కోసింది. షుగరుకి మంచిదని చేదు వండుతూ, ఆ చేదు తెలియకుండా ఇంత బెల్లం దంచి వేసింది! చింతపండు పిసికి పోసి, బియ్యప్పిండి నీళ్ళు కలిపి, మెంతులు, ఇంగువ వేసి పోపు పెట్టింది. మా వైపు బెల్లం పులుసు పొంగుతుంటే ఎంత దుఃఖంలో ఉన్న మనిషికైనా ఆకలేస్తుంది. తొక్కలు గేదె ముందు వేస్తే వాసన చూసి మూతి తిప్పుకుంది. దాని వాటాకి బెల్లం వెయ్యలేదు మరి.

కొడుకు గిరిబాబు సరుకుల ఆటో తోలుకుంటూ బయట తిరుగుతున్నాడు. కోడలు పిల్లలతో కన్నవారింటికి వెళ్ళింది. మధ్యాహ్నం నరసింగరావు ఒక్కడే భోజనానికి కూర్చున్నాడు. మొదటి ముద్దకి ఆగాడు. ఆ తర్వాత గబగబా కలిపి తిన్నాడు. ఆ చెయ్యి చూసి జగ్గమ్మ గుండె కుదుటపడింది.

"ఏటి బావా, ఎలాగున్నాది?"

"బాగున్నాది."

"కూసింత సేదొచ్చినట్టున్నాది. నీ సుగరుకి మంచిదేలే."

"బాగున్నాదంటన్నాను గదే. ఆ మిగిలింది కూడా ఇలాగెయ్యి."

"మరి నాకో?"

"ఎండ మండిపోతన్నాది. నువ్వు అంబలి తాగీ."

ముసలాడికి జిహ్వ పెరిగిందని నవ్వుకుంటూ గిన్నె ఊడ్చి వడ్డించింది. తను చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుని తాగింది.

ఎండ వాలకముందే ఆయనకి కడుపులో తిప్పడం మొదలైంది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టింది. మజ్జిగ వచ్చేసింది, తిన్నది వచ్చేసింది, ఆ తర్వాత వాంతులూ విరేచనాలూ ఆగలేదు. ఊళ్ళో సూది వేసే అతను సూది వేసి, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. గిరిబాబు పరిగెత్తుకొచ్చి, సరుకులాటోలో పరుపు వేసి తండ్రిని పడుకోబెట్టాడు. విజయనగరం చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడవునా జగ్గమ్మ మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని అమ్మవారికి మొక్కులు మొక్కుతూనే ఉంది. పులుసు చేదు సంగతి మనసులోకి వస్తుంటే పక్కకి తోసేసింది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ సెలైన్ పెట్టించి అడిగింది. "మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"ఇంట్లోదేనండి. ఆనపకాయ బెల్లం పులుసు," అన్నాడు గిరిబాబు, దారిలో తల్లి చెప్పింది గుర్తు చేసుకుని.

డాక్టరమ్మ జగ్గమ్మ వైపు తిరిగింది. "ఆనపకాయ చేదుగా ఏమైనా ఉందా అమ్మా?"

జగ్గమ్మ నోరు తెరిచింది. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు. కొడుకు చూస్తున్నాడు. ఇంతలో మంచం మీంచి నరసింగరావు గొంతు పెగుల్చుకున్నాడు.

"సేదేటి తల్లీ! మా ఆడదాయి కూరకి వంకెట్టడానికి నేదు. బాగున్నాది. పొద్దున కొట్టుకాడ బజ్జీలు తిన్నాను. అయ్యే అయ్యుంటాయి."

ఆయన పొద్దున్నుంచి గుమ్మం దాటలేదు. ఆ సంగతి జగ్గమ్మకి తెలుసు. పదిమందిలో పెళ్ళాం పరువు కాయడానికి, అంత నీరసంలో కూడా, ఆ మనిషి బజ్జీలు కల్పించాడు. ఆ పూట తనని అంబలి తాగమని పులుసు గిన్నె ఎందుకు ఖాళీ చేశాడో కూడా అప్పుడే ఆమెకి తట్టింది. అయినా ఊ అనలేదు, ఉహూ అనలేదు. పిరికిదైపోయింది, అంతే. డాక్టరమ్మ తలాడించి వేరే మంచం దగ్గరికి వెళ్ళింది.

తెల్లవారేసరికి వాంతిలో నెత్తురు పడింది. బీపీ అందడం లేదని నర్సులు పరుగులు పెట్టారు. జగ్గమ్మ ఎదురెళ్ళి డాక్టరమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"సేదే తల్లీ! ఇసం లాగ సేదు. నేను సూసీ వండినాను."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, లోపలికి పరిగెత్తింది. ఇంకా ఇద్దరు డాక్టర్లు వచ్చారు. మంచం చుట్టూ తెర కట్టారు. చాలాసేపు తంటాలు పడ్డారు. పొద్దెక్కుతుండగా నరసింగరావు ప్రాణం పోయింది.

గిరిబాబు నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. జగ్గమ్మకి ఏడుపు రాలేదు. తెర వైపే చూస్తూ గోడకి చేరగిలబడింది. డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చేదు ఆనపకాయలో విషం ఉంటుందనీ, ఉడికించినా పోదనీ మెల్లగా చెప్పింది. చెప్పి, "ఆ పాదు కాయలు ఇంకెవరింటికైనా వెళ్ళాయా అమ్మా?" అని అడిగింది.

జగ్గమ్మ ఉలిక్కిపడింది. ఆ పాదు మొదటి కాయని మొన్న తనే కోసి, గోడవతల చిన్నతల్లికి ఇచ్చింది. వరసకి మేనకోడలు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు.

"ఒరే, సిన్నతల్లికి ఫోను సెయ్యి. బేగి సెయ్యరా!"

గిరిబాబు నంబరు నొక్కి ఇచ్చాడు.

"సిన్నతల్లీ, నేనిచ్చిన ఆనపకాయ వండీసినావా? గుంటలకి పెట్టినావా? వండకే. అది సేదు కాయ, ఇసం. మీ మావకి నేనే పెట్టీసినాను."

ఆ మాట గిరిబాబు అప్పుడే వినడం. ఏడుపు ఆపి తల్లి మొహంలోకి చూశాడు.

"ఆ కాయా అత్తా?" చిన్నతల్లి గొంతు మామూలుగా ఉంది. "ఆరోజే కోసినాను. నాలిక్కి రాసుకుంటే సేదు. పెంట మీద ఇసిరీసినాను. గుంటలు బాగానే ఉన్నారు."

జగ్గమ్మకి ఊపిరి అందింది. ఆ వెనకే అడిగింది.

"మరి నాకు సెప్పనేదేటే?"

"సెప్దామనే గోడకాడికొచ్చినాను అత్తా. నువ్వు ఆ పాదుకే బకెట్లతో నీల్లు మోస్తన్నావు. అంత ఎండలో మోస్తంటే, నీ కాయ సేదని ఏ నోటితో సెప్పీది? బాధ పడతావని, కాయ బాగున్నాదత్తా అనీసి ఎలిపోనాను." అప్పుడు మామ సంగతి అడిగింది. "మావకేటైనాది? ఎలాగున్నాడు?"

నిజం చెబితే ఆ పిల్ల ఇంక జన్మంతా ఈ సంగతి మొయ్యాలి. బాగున్నాడే అన్న మాట జగ్గమ్మ నోటిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగేసింది.

"సచ్చిపోనాడే," అంది.