బ్లాక్ హోల్ లోపల ఏముందండి?

మా వైపు దారి అడిగినవాళ్లతో కూడా తెలియదని చెప్పరు. ఏదో ఒక వైపు చెయ్యి చూపించి, "అలా వెళ్లండి, అక్కడెవరైనా చెప్తారు" అంటారు. దాన్ని మర్యాద అనుకుంటారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఒళ్లు మండేది.

రాజోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. వేసవిలో అడ్మిషన్లకు ముందు డెమో క్లాసు పెట్టేవారు. పిల్లలు ముందు బెంచీల్లో, తల్లిదండ్రులు వెనక, గోడవార కుర్చీలో కరెస్పాండెంట్ గారు. ఆ పొద్దున ఆయన నన్ను వరండాలోనే ఆపారు.

"మేడమ్ గారూ, ఈసారి చేరేవాళ్లు తగ్గితే ఫిజిక్స్‌కి ఒక్కరు చాలండి. ఎవరేమడిగినా సమాధానం చెప్పేయండి. తెలీదన్న మాట మాత్రం వద్దండి."

"ఆయ్ అండి," అన్నాను. ఇంకేమంటాను? మా ఆయనకు అప్పటికి చాలాకాలంగా పని లేదు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

గురుత్వాకర్షణ పాఠం ఎత్తుకున్నాను. పైకి విసిరిన రాయి తిరిగి కింద పడకుండా పోవాలంటే ఎంత వేగం కావాలో బోర్డు మీద లెక్క కట్టి చూపించాను. కాంతి వేగం కూడా చాలని చోటుంటే అదే బ్లాక్ హోల్ అన్నాను. అందరూ తలలూపారు. కరెస్పాండెంట్ గారి ముఖం వెలిగింది. ఇక ముగిద్దామనుకుంటుండగా, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక తండ్రి లేచారు. ఆయన కూతురు ముందు బెంచీలోంచి వెనక్కి తిరిగి చూసింది.

"మరి దాని నడిమధ్యన ఏముంటుందండి?"

నోటిదాకా ఒక మాట వచ్చింది, సింగులారిటీ. అది అనేసి డస్టరు అందుకుంటే గండం గడిచేది. కానీ అక్కడేముందో ఆ మాట చెప్పదు. లెక్క కట్టుకుంటూ పోతే అక్కడ సాంద్రత అనంతమని వస్తుంది. సున్నాతో భాగించబోయినట్టే. మన సూత్రాలు అక్కడ చేతులెత్తేశాయని దానర్థం.

"తెలియదండి," అన్నాను. "నాకే కాదు, ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. మన ఫిజిక్స్ అంతవరకు వెళ్లి ఆగిపోయింది."

కరెస్పాండెంట్ గారు చటుక్కున లేచారు. "ఆ పాఠం రేపుందండి. మేడమ్ గారు రేపు చెప్తారు."

నాకు ఎక్కడో కాలింది. "రేపు కూడా తెలియదండి."

ఆ తండ్రి "ఆయ్, మంచిదండి" అని కూతుర్ని తీసుకుని వెళ్లిపోయారు. ఆయన వెనకే మరికొందరు లేచారు. ఇక నేను రానక్కరలేదని సాయంత్రమే చెప్పేశారు.

వానాకాలంలో, నర్సాపురంలో ట్యూషన్లు చెప్పడానికి వెళ్తూ సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాను. ఆ రోజు ప్రశ్న అడిగిన తండ్రి కూతురు అందులో కనిపించింది. అవతలి ఒడ్డున కాలేజీలో చేరిందట.

"మేడమ్, మా సారు చెప్పేసేరండి, లోపల ఏముందో."

ఆ అమ్మాయి దగ్గరికి జరిగాను. "ఏమని?"

"సింగులారిటీ అండి. రాసుకున్నాం." జాలిగా అడిగింది. "మీకా మాట తెలీదాండి?"

"తెలుసమ్మా."

"మరి చెప్పలేదేంటండి?"

"తెలియనిచోట పెట్టుకున్న పేరమ్మా అది."

"ఆయ్ అండి," అని తలూపింది. మా వైపు పిల్లే కదా, కాదని నోటితో అనదు. నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. పంటు ఒడ్డు చేరేదాకా గోదావరి వైపు తిరిగి నిలబడ్డాను. ఎవరు మళ్లీ అడిగినా నేను అదే చెబుతాను. ఆ రోజు మాత్రం ఏడుపు ఆగలేదు.